పద్నాలుగు వేల సార్, పదకొండు వందల మేడమ్

ప్రశ్న: మేడమ్, నమస్కారం. నేను లైఫ్ సైన్సెస్‌లో ఎమ్మెస్సీ చేశాను. రెండో ప్రయత్నంలో నెట్‌లో జేఆర్ఎఫ్ ఫెలోషిప్ వచ్చింది. మెదడు మీద పరిశోధన చేయాలన్నది ఇంటర్ నాటి కోరిక. రెండు సంస్థల్లో ఇంటర్వ్యూలయ్యాయి, రెండు చోట్లా తీసుకుంటామన్నారు. ఒక చోట పీహెచ్‌డీ గైడుగారు మనుషుల మెదళ్లను ఎమ్మారై స్కానులతో అధ్యయనం చేస్తారు. ఆయనకు 190 పేపర్లు, 14,200 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 48 అని గూగుల్ స్కాలర్‌లో ఉంది. ప్రపంచంలోని టాప్ 2 శాతం శాస్త్రవేత్తల జాబితాలో ఆయన పేరుందని దినపత్రికలో వస్తే నాన్నగారు ఆ వార్త కత్తిరించి దాచారు. రెండో చోట గైడు ఒక మేడమ్. ఎలుక మెదడు ముక్కల్లో ఒక్కో కణం నుంచి విద్యుత్ సంకేతాలు రికార్డు చేస్తారు. సంస్థ వెబ్‌సైట్‌లో ఆవిడకు 31 పేపర్లు, 1,150 సైటేషన్లు, హెచ్-ఇండెక్స్ 16 అని ఉంది. ఆవిడ కొత్త పేపరు ఈలైఫ్‌లో వచ్చింది. కానీ ఆ పత్రికకు ఇంపాక్ట్ ఫ్యాక్టరే లేదని మా సీనియర్ అన్నాడు. నాన్నగారు రిటైర్డ్ హెడ్మాస్టరు. ‘పద్నాలుగు వేలెక్కడ, పదకొండు వందలెక్కడ! ఇందులో ఆలోచించడానికి ఏముంది?’ అంటున్నారు. నా మనసు మేడమ్ ల్యాబ్ వైపే లాగుతోంది, కారణం మాత్రం చెప్పలేకపోతున్నాను. అక్కడ ఏడాదికి ఒక పేపరైనా రాదేమోనని భయం కూడా ఉంది. ఇద్దరి పేపర్ల జాబితాలూ జత చేస్తున్నాను. నెలాఖరులోగా ఏదో ఒక చోట చేరాలి. – ఎస్., విజయనగరం

సమాధానం: మీరు పంపిన రెండు జాబితాలనూ ప్రింటు తీసుకుని, పెన్సిలు పట్టుకుని రెండు సాయంత్రాలు వాటి ముందు కూర్చున్నాను. ఎవరి దగ్గర చేరాలన్న మాటకు ముందు ఒక తూకం పొరపాటు సరిదిద్దాలి. సార్‌గారి అంకె గూగుల్ స్కాలర్‌ది. మేడమ్‌గారి అంకె సంస్థ వెబ్‌సైట్‌ది. ఆ పేజీ అడుగున చిన్న అక్షరాల్లో ‘స్కోపస్ ప్రకారం’ అని ఉంది, మీరు చూసినట్టు లేరు. ఒకరి వడ్లు కుంచంతో కొలిచి, ఇంకొకరివి కాటా మీద తూచినట్టయింది. గూగుల్ స్కాలర్ ఇంటర్నెట్‌లో తనకు దొరికిందల్లా లెక్కలో వేసుకుంటుంది. సిద్ధాంత గ్రంథాలు, సమావేశాల సంచికలు, ఇంకా పత్రికల్లో అచ్చుకాని ముసాయిదాలు అన్నీ అందులోకి వస్తాయి. స్కోపస్ తాను ఎంచుకున్న పత్రికలనూ పుస్తకాలనూ మాత్రమే చూస్తుంది. అందుకే స్కాలర్ అంకె సాధారణంగా లావుగా, స్కోపస్ అంకె సన్నగా ఉంటుంది. నేను ఇద్దరినీ రెండు చోట్లా వెతికాను. స్కాలర్‌లో సార్‌కు 14,200, మేడమ్‌కు 1,640. స్కోపస్‌లో సార్‌కు 10,300, మేడమ్‌కు 1,150. మీరు పన్నెండు రెట్లనుకున్న తేడా తొమ్మిది రెట్ల లోపుకు దిగింది. అయినా పెద్ద తేడానే, కాదనను. అది ఎక్కడి నుంచి వచ్చిందన్నదే చూడాలి.

సైటేషన్ అంటే ఎవరో తమ పేపరు చివర ఇచ్చే జాబితాలో మన పేపరు ఒక వరుసగా చేరడం. అంతకుమించి ఏమీ లేదు. అది మెచ్చుకోలు కావచ్చు, తీసుకున్న సాయాన్ని ఒప్పుకోవడం కావచ్చు, ‘వీరు చెప్పింది తప్పు’ అనడానికి కావచ్చు. పత్రిక తరఫున పేపరును పరిశీలించే సమీక్షకుడు తన పేపరును చేర్చమంటే కాదనలేక చేర్చిందీ కావచ్చు. లెక్కపెట్టే యంత్రానికి అన్నీ ఒకటే. లోకంలో అందరికన్నా ఎక్కువ సైటేషన్లు వచ్చిన పేపరు ఏదై ఉంటుందని మీ నాన్నగారిని ఒకసారి అడిగి చూడండి. ఐన్‌స్టీన్ పేరో, డీఎన్ఏ మాటో చెబుతారు. నిజానికి అది 1951లో అమెరికాలోని సెయింట్ లూయీలో ఆలివర్ లోరీ బృందం రాసిన పేపరు. ఒక ద్రావణంలో ప్రోటీను ఎంతుందో రంగును బట్టి కొలిచే పద్ధతి అందులో ఉంది. దానికి మూడు లక్షలకు పైగా సైటేషన్లు. లోరీ మెదడు రసాయనాల మీద ఏళ్ల తరబడి సూక్ష్మమైన పని చేసిన మనిషి. లోకం ఆయన పేరు తలచుకునేది మాత్రం ఆ నీలం రంగు పరీక్ష కోసమే.

మన ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సంగతీ అలాంటిదే. భీమవరంలో పుట్టి హార్వర్డ్ చేరిన ఆయన 1925లో సైరస్ ఫిస్కేతో కలిసి ఫాస్ఫరస్‌ను కొలిచే పద్ధతిని ప్రచురించారు. తరతరాల బయోకెమిస్ట్రీ విద్యార్థులు పరీక్షనాళికలో ఆ రంగు తెప్పించారు, ఆ పేపరును ఉటంకించారు. కండరంలో ఫాస్ఫోక్రియాటిన్ బయటపడిందీ ఆ పద్ధతి పుణ్యమే. ఇంత జరిగినా హార్వర్డ్ ఆయనకు శాశ్వత ఉద్యోగం ఇవ్వలేదు. అంకె ఎక్కువుంటే అన్నీ వాటంతటవే వస్తాయనుకునేవారికి ఈ ముక్క చెబుతుంటాను.

అంటే పదిమందికీ పనికొచ్చే సాధనాన్ని చేసి ఇచ్చినవారికి సైటేషన్లు వరదలా వస్తాయి. మెదడు స్కానుల రంగంలో ఇది మరీ ఎక్కువ. లండన్‌లో కార్ల్ ఫ్రిస్టన్ బృందం స్కాను బొమ్మలను గణాంకాలతో విశ్లేషించే ఎస్పీఎం అనే సాఫ్ట్‌వేర్‌ను 1990ల మొదట్లోనే అందరికీ ఉచితంగా ఇచ్చింది. వాడుకున్నవారు ఆ పేపర్లను ఉటంకిస్తారు. న్యూరోసైన్స్‌లో అత్యధిక సైటేషన్లున్నవారి వరుసలో ఆయన ముందుంటారు. మెదడు పనితీరు మీద ఆయన సొంత సిద్ధాంతం వేరే ఉంది, దాని మీద వాదన మాత్రం ఇంకా తెగలేదు.

ఇక సార్‌గారి జాబితా. దాన్ని సైటేషన్ల వరుసలో పెట్టి పైనుంచి చదివాను. పైనున్న ఐదింట్లో నాలుగు అంతర్జాతీయ కూటముల పేపర్లు. 2009లో మొదలైన ఎనిగ్మా లాంటి కూటములు ఎన్నో దేశాల ఆసుపత్రుల నుంచి, ల్యాబ్‌ల నుంచి స్కానులు పోగుచేసి ఒక్కచోట విశ్లేషిస్తాయి. అటువంటి పేపర్లలో రచయితల పేర్లు వందల్లో ఉంటాయి. సార్‌గారి పేరు వాటిలో ఒకదాంట్లో 83వది, ఇంకొకదాంట్లో 112వది. ఆ నాలుగింటికే 6,900 సైటేషన్లు. మిగిలినది ఒక విదేశీ ప్రొఫెసరుతో కలిసి రాసిన సమీక్షా వ్యాసం, దానికి 2,100. ఐదు పేపర్లతోనే తొమ్మిది వేలు అయిపోయాయి. మిగిలిన 185 పేపర్లకూ కలిపి 5,200.

ఇందులో మోసమేమీ లేదు. ఆయన తన ఆసుపత్రి రోగుల స్కానులను పద్ధతిగా తీయించి, పంచుకున్నారు. మన దేశపు మెదళ్లు ఆ లెక్కల్లోకి ఎక్కడం అవసరం కూడా. కానీ మీరు వెతుకుతున్నది గైడును. 112వ పేరు ఆ మనిషి మీ సిద్ధాంత గ్రంథం మూడో అధ్యాయాన్ని ఎలా చదువుతారో చెప్పదు.

మా రంగంలో పేర్ల వరుసకు ఒక వ్యాకరణం ఉంది. మొదటి పేరు చేతులు కాల్చుకుని పని చేసినవారిది, ఎక్కువగా విద్యార్థిది. చివరి పేరు ఆ ల్యాబ్ పెద్దది: ఆలోచన, డబ్బు, బాధ్యత ఆవిడవి లేదా ఆయనవి. నడుమ ఉన్నవారు తలో చెయ్యి వేసినవారు. గణితంలో పేర్లు అక్షరక్రమంలో వేసుకుంటారు కాబట్టి అక్కడ ఈ వ్యాకరణం పనిచేయదు. మీ జాబితాల్లో నేను పెన్సిలుతో గీతలు గీసింది అంకెల కింద కాదు, ఈ రెండు చివరల పేర్ల కింద.

సమీక్షా వ్యాసాల గురించి నా సొంత గోడు ఒకటి చెప్పుకోనివ్వండి. నా పేరు మీద ఉన్నవాటిలో అన్నిటికన్నా ఎక్కువ సైటేషన్లు వచ్చింది ఒక వేసవిలో ఆరు వారాల్లో రాసిన సమీక్షకు. కరెంటు పోతే విసనకర్ర పట్టుకుని రాశాను. అందులో నేను కనిపెట్టింది ఒక్కటీ లేదు, ఇతరుల పనిని వరసలో పెట్టానంతే. ఐదేళ్లు పట్టిన ప్రయోగాల పేపరుకు అందులో ఎనిమిదో వంతు వచ్చాయి. రెండింటిలో దేన్ని చూసి గర్వపడతావని ఎవరైనా అడిగితే చెప్పడానికి నాకు ఒక్క క్షణం పట్టదు. అడిగినవారు లేరు.

ఇప్పుడు మేడమ్‌గారి అంకె ఎందుకు చిన్నదో చూడండి. ఆవిడ ల్యాబ్‌లో ఒక రోజు ఎలా ఉంటుందో నాకు తెలుసు, ఆ పని నేనూ కొన్నాళ్లు చేశాను. ఉదయాన్నే ఎలుక మెదడును బయటికి తీసి, మంచంత చల్లని ద్రావణంలో ముంచి, బ్లేడు అదురుతూ కోసే యంత్రం మీద 300 మైక్రాన్ల మందాన ముక్కలు కోస్తారు. మిల్లీమీటరులో మూడో వంతు కూడా ఉండదు. ఆ ముక్కలను 95 శాతం ఆక్సిజన్, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ బుడగలుగా పోతున్న కృత్రిమ ద్రవంలో గంటసేపు తేరుకోనిస్తారు. ఈలోగా గాజు గొట్టాన్ని వేడిచేసి లాగి, మొన మైక్రాను వెడల్పుకు వచ్చేలా సూదులు చేసుకోవాలి. మైక్రోస్కోపు కింద ఒక కణాన్ని ఎంచుకుని, సూదిని దాని ఒంటికి ఆనించి, సూదికి తగిలించిన ట్యూబు రెండో కొసను నోట్లో పెట్టుకుని మెల్లగా పీల్చాలి. కణం పొర గాజుకు అతుక్కుంటే తెర మీద నిరోధం గిగాఓములకు లేస్తుంది. ఇంకొక చిన్న పీల్పుతో పొర చిరిగి కణం లోపలి మాట వినిపిస్తుంది. ప్యాచ్ క్లాంప్ అనే ఈ పద్ధతికి 1976లో దారి వేసిన ఎర్విన్ నేహర్, బెర్ట్ సాక్‌మన్‌లకు 1991లో నోబెల్ ఇచ్చారు. పక్క గదిలో ఎవరో తలుపు గట్టిగా వేస్తే చేజారిపోయిన కణాలు నాకెన్నో గుర్తున్నాయి. సాయంత్రానికి ముక్కలు చచ్చిపోతాయి. మంచి రోజున నాలుగైదు కణాలు, చెడ్డ రోజున సున్నా. ఒక్క పేపరుకు అటువంటి కణాలు వందైనా కావచ్చు.

ఒకసారి తీసిన స్కానును పదేళ్ల పాటు పదిమంది పది ప్రశ్నలకు వాడుకోవచ్చు. అమెరికాలో హ్యూమన్ కనెక్టోమ్ ప్రాజెక్టు దాదాపు 1,200 మంది స్కానులను అందరికీ తెరిచి పెట్టింది, వాటి మీద పేపర్లు వస్తూనే ఉన్నాయి. సాయంత్రానికి చచ్చిపోయిన ఎలుక మెదడు ముక్కను మళ్లీ వాడుకునే దారి లేదు. పైగా స్కానుల పేపరును మానసిక వైద్యులు, మనస్తత్వ శాస్త్రజ్ఞులు, గణాంక నిపుణులు అందరూ ఉటంకిస్తారు. మెదడులో హిప్పోకాంపస్ అనే భాగంలోని ఒక రకం కణం గురించిన పేపరును చదివేవారు కొద్దిమందే. ఊరు చిన్నదైతే పెళ్లికి వచ్చే జనం కూడా తక్కువే. దానివల్ల పెళ్లికి లోటేమీ లేదు.

ఆ హిప్పోకాంపస్ రంగం పుట్టిన తీరు కూడా మీకు పనికొస్తుంది. మెదడు కణాల మధ్య బంధం వాడకంతో బలపడి గంటల తరబడి అలాగే నిలుస్తుందని నేడు పాఠ్యపుస్తకాల్లో ఉంది కదా. దాన్ని నార్వేలోని ఓస్లోలో టెర్యే లోమో మత్తులో ఉన్న కుందేలు మెదడులో మొదటిసారి గమనించింది 1966లో. టిమ్ బ్లిస్‌తో కలిసి రాసిన పూర్తి పేపరు అచ్చయింది 1973లో. నడుమ ఏడేళ్లు. మన లెక్కన జేఆర్ఎఫ్, ఆ తర్వాతి ఎస్ఆర్ఎఫ్ రెండూ అయిపోయి ఇంకా రెండేళ్లు గడిచేవి. ఆ తర్వాత ఆ పేపరుకు వచ్చిన సైటేషన్లు వేలల్లో ఉన్నాయి.

హెచ్-ఇండెక్స్ సంగతి. 2005లో హోర్హే హిర్ష్ అనే భౌతిక శాస్త్రవేత్త పెట్టిన కొలత ఇది. నాన్నగారికి ఇలా చెప్పండి: ఒకరికి ఐదు పేపర్లున్నాయి, వాటి సైటేషన్లు 90, 40, 7, 4, 3. నాలుగు, అంతకుమించి సైటేషన్లున్న పేపర్లు నాలుగున్నాయి. ఐదేసి ఉన్న పేపర్లు మాత్రం ఐదు లేవు. కాబట్టి హెచ్ నాలుగు. ఆ 90 రేపు 9,000 అయినా హెచ్ నాలుగే. ఒక్క గొప్ప పేపరును ఇది పట్టించుకోదు, ఓ మోస్తరు పేపర్లు వరసగా రాస్తూ పోయేవారిని ఆదరిస్తుంది. పైగా ఇది పెరుగుతుందే గాని తగ్గదు. రిటైరై మొక్కలకు నీళ్లు పోసుకుంటున్న నాది కూడా నిరుడు ఒకటి పెరిగింది. సార్‌గారి మొదటి పేపరు 1998లో, మేడమ్‌గారిది 2008లో వచ్చింది. పదేళ్ల చిన్నవారిని పెద్దవారి పక్కన నిలబెట్టి ఎత్తు కొలవడం మీ నాన్నగారు ఏ బడిలోనూ చేసి ఉండరు.

ఆయన కత్తిరించి దాచిన వార్తను నేను కొట్టిపారేయడం లేదు. స్టాన్‌ఫర్డ్‌లోని జాన్ అయానిడిస్, ఆయన సహచరులు స్కోపస్ లెక్కలతో 2019 నుంచి ఆ జాబితా వెలువరిస్తున్నారు. స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ ఇచ్చిన బిరుదు అన్నట్టు మన దినపత్రికలు రాస్తాయి, అది నిజం కాదు. అయితే మొత్తం సైటేషన్ల కన్నా అది నయం. ఒంటరిగా రాసినవి, మొదటి పేరుతో, చివరి పేరుతో రాసినవి ఎన్నిసార్లు ఉటంకింపబడ్డాయో కూడా అందులో చూస్తారు. కాబట్టి సార్‌గారు కేవలం 112వ పేరుతో అందులోకి ఎక్కి ఉండరు. కాకపోతే అక్కడ రెండు పట్టికలు ఉంటాయి, ఒకటి జీవితకాలానిది, ఒకటి ఒక్క ఏడాదిది. ఆ వార్త దేన్ని చూసి రాసిందో పైకి తెలియదు.

ఈలైఫ్ విషయంలో మీ సీనియర్ చెప్పింది నిజమే, అర్థం చేసుకున్న తీరు తప్పు. ఇంపాక్ట్ ఫ్యాక్టర్ పత్రిక కొలత, మనిషి కొలత కాదు. పత్రిక గత రెండేళ్లలో వేసిన పేపర్లకు ఈ ఏడాది సగటున ఎన్ని సైటేషన్లు వచ్చాయన్నదే అది. ఆ సగటును కొద్ది పేపర్లే మోస్తుంటాయి. ఈలైఫ్ 2023లో తన పద్ధతి మార్చుకుంది. సమీక్షకు పంపిన పేపరును అంగీకరించడం, తిరస్కరించడం మానేసి, సమీక్షకుల అభిప్రాయాలనూ సంపాదకుల అంచనానూ పేపరుతో పాటే అందరికీ కనపడేలా ప్రచురిస్తోంది. ఈ పద్ధతి తమ నియమాలకు కుదరదని లెక్కలు కట్టే సంస్థ దానికి ఇంపాక్ట్ ఫ్యాక్టర్ ఇవ్వడం మానేసింది.

దీనివల్ల మీకు ఒక గొప్ప మేలు జరిగింది. మిగతా పత్రికల్లో తలుపు వెనక జరిగే తగవు ఇక్కడ బయటే ఉంది. మేడమ్‌గారి పేపరు కింద రెండో సమీక్షకుడు గట్టిగానే అన్నాడు: ఆడ ఎలుకల నుంచి తీసిన కణాలు మరీ తక్కువ, ఈ నిర్ధారణకు చాలవు. మేడమ్ రెండు పేజీల వాదన రాయవచ్చు, చాలామంది అదే చేస్తారు. ఆవిడ రాసింది నాలుగు వాక్యాలు: మీరన్నది సబబే, మరో 14 కణాలు రికార్డు చేసి చేర్చాం, ఫలితం మారలేదు, ఒక పటంలో మాత్రం తేడా కనిపిస్తోంది, దాన్నీ వేశాం. ఆ పద్నాలుగు కణాలు పట్టింది మొదటి పేరున్న విద్యార్థిని అని పేపరు చివరి పేరాలో ఉంది. గైడు ఎలాంటివారో తెలుసుకోవడానికి నాకు ఆ నాలుగు వాక్యాలు 48 అనే అంకె కన్నా ఎక్కువ పనికొచ్చాయి.

ఎక్కువ సైటేషన్లంటే నిజమని తేలినట్టే కదా అని మీకు ఇంకా అనిపిస్తుంటే అల్జీమర్స్ రంగంలో జరిగింది చూడండి. ఎలుకల్లో జ్ఞాపకశక్తి తగ్గడానికి అమిలాయిడ్ అనే ప్రోటీను గుచ్ఛం ఒకటి కారణమని 2006లో నేచర్‌లో ఒక పేపరు వచ్చింది. రెండు వేలకు పైగా సైటేషన్లు వచ్చాయి. అందులోని బొమ్మలను మార్చినట్టుందని 2022లో సైన్స్ పత్రిక పరిశోధనాత్మక కథనం వేసింది. 2024 జూన్‌లో ఆ పేపరును ఉపసంహరించుకున్నారు. సైటేషన్లు మాత్రం ఎక్కడికీ పోలేదు, లెక్కలో అలాగే ఉన్నాయి.

ఇక పేర్లు. గత ఐదేళ్లలో సార్‌గారివి 38 పేపర్లు. ఆయన పేరు చివర ఉన్నవి 9. ఆ తొమ్మిదింట్లో విద్యార్థి పేరు మొదట ఉన్నవి 4, మిగతావి పీహెచ్‌డీ అయిపోయి వచ్చినవారివి. ఆయన ల్యాబ్ పేజీలో ఇప్పటిదాకా పదకొండు మంది పీహెచ్‌డీ విద్యార్థుల పేర్లున్నాయి. ఒక్కొక్కరినీ జాబితాలో వెతికాను. ముగ్గురికే మొదటి స్థానం దక్కింది. మిగతా ఎనిమిది మంది నడుమ ఎక్కడో ఉన్నారు. మేడమ్‌గారివి ఐదేళ్లలో 7 పేపర్లు, చివరి పేరుతో 6, ఆ ఆరింట్లోనూ మొదటి పేరు విద్యార్థిదే. నలుగురు వేర్వేరు విద్యార్థులు. మీ మనసు అటు లాగడానికి కారణం చెప్పలేకపోతున్నానన్నారు. బహుశా ఇంటర్వ్యూ రోజున ఆ నలుగురిలో ఎవరో మీతో మాట్లాడి ఉంటారు.

పేపర్లు తక్కువ వస్తాయన్న మీ భయం సగం నిజం. 2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు 37,000 రూపాయలు, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ అయితే 42,000, అంతా కలిపి ఐదేళ్లు. ఆ గడియారం ఎవరికోసమూ ఆగదు. పేపరు అచ్చయితేనే థీసిస్ ఇవ్వాలన్న తప్పనిసరి షరతును యూజీసీ 2022 నిబంధనల్లో తీసేసింది. అయినా సంస్థలు సొంత నియమాలు పెట్టుకుంటాయి, చేరే ముందే కాగితం మీద చూసుకోండి. ఆ మీదట కావలసింది మీ పేరు మొదట ఉన్న ఒక్క గట్టి పేపరు. పీహెచ్‌డీ తర్వాతి పరిశోధనకు, అంటే పోస్ట్‌డాక్‌కు పిలిచేవారు మొదట అడిగేది, ‘ఇందులో మీరేం చేశారు?’ అని. ఇరవై పేపర్లలో నడుమ పేరున్నవారికి ఆ ప్రశ్న దగ్గర గొంతు తడారిపోవడం ఇంటర్వ్యూ బల్లకు ఇవతల కూర్చుని ఎన్నోసార్లు చూశాను. అంకెలు కూడి మార్కులేసే కమిటీలు మన దగ్గర ఇంకా చాలానే ఉన్నాయన్నదీ నిజం, దాచను.

నా మొగ్గు మేడమ్ వైపే. కానీ మీకు గణాంకాలు, కోడింగ్ అంటే ఇష్టమైతే, ఎలుకను కోయడానికి చెయ్యి రాకపోతే, సార్‌గారి దగ్గరికే వెళ్లండి. ఆయన సొంత ల్యాబ్ నుంచి 2021లో వచ్చిన పేపరు ఒకటి చదివాను. సైటేషన్లు 37 మాత్రమే, పని మాత్రం ముచ్చటగా ఉంది. అక్కడ చేరితే ఆ రకం పనిలో మొదటి పేరు మీకు దక్కుతుందా అని ముందే అడిగి తెలుసుకోండి.

ఎక్కడ చేరినా మొదటి వారంలోనే ఒక పని చేయండి. మీ పేరు పేపర్ల మీద ఎలా అచ్చవ్వాలో తేల్చుకుని, ఆ రూపంలో, పరిశోధకులను గుర్తుపట్టడానికి ఇచ్చే ఓర్కిడ్ నంబరు తీసుకోండి, ఉచితమే. మన ఇంటిపేర్లు ముందుంటాయి, విదేశీ పత్రికలు వెనక వెతుకుతాయి. ఒక పేపరులో ఇంటిపేరు పొడి అక్షరమై, ఇంకొకదాంట్లో అసలు పేరు పొడి అక్షరమై, మీరు ఇద్దరు మనుషులైపోతారు. ఎల్లాప్రగడ అన్నంత ఇంటిపేరు ఆ పాత పేపర్ల మీద ఒక్క అక్షరంగా మిగిలింది.

మేడమ్‌గారి జాబితాలో నాకు అర్థంకానిది ఒకటుంది. 2019 నాటి పేపరులో రెండో స్థానంలో ఒక విద్యార్థి పేరుంది. ఆ తర్వాత ఎక్కడా లేదు. పూర్వ విద్యార్థుల పట్టికలోనూ లేదు. ఉద్యోగమో, పెళ్లో, అనారోగ్యమో, తగాదానో, ఏదైనా కావచ్చు. ఒక్క ఖాళీని బట్టి ఎవరినీ తప్పుపట్టను. మీరు మాత్రం అడగండి: ‘మేడమ్, ఫలానావారు ఇప్పుడు ఎక్కడ ఉన్నారు?’ అని, మామూలుగా. తర్వాత అదే ప్రశ్న ల్యాబ్ బయట, టీ దగ్గర, ఇప్పటి విద్యార్థి ఒకరిని అడగండి. రెండు జవాబులూ ఒకేలా ఉంటే సరే.

నెలాఖరుకు ఇంకా గడువుంది. ముందుగా మెయిలు రాసి, ముక్కలు కోసే ఉదయానికే మేడమ్ ల్యాబ్‌కు చేరుకుని సాయంత్రం దాకా ఒక మూల కూర్చోండి. నాన్నగారిని కూడా వెంటబెట్టుకుని వెళ్లండి, విజయనగరం నుంచి ప్రయాణం కాస్త దూరమైనా సరే. మైక్రోస్కోపులో ఏముందో ఆయనకు తెలియకపోవచ్చు. పిల్లలు టీచరుతో ఎలా మాట్లాడుతున్నారో చూసి బడి సంగతి చెప్పడం ఆయనకు ముప్పై ఏళ్ల అలవాటు.